ఇళ్లలో ఎలుకల బెడద

ఇళ్లలో ఎలుకల బెడద అంటే మనుషుల నివాసాలలో ఎలుకలు, చిట్టెలుకలు స్థిరపడి ధాన్యాన్ని, బట్టలను, విద్యుత్ తీగలను పాడు చేయడం, కొన్ని రోగాలకు కారణం కావడం, రాత్రివేళ చప్పుళ్లతో నిద్రకు భంగం కలిగించడం. ఇది ప్రపంచమంతటా ఉన్న సమస్య. ఆంధ్ర ప్రదేశ్‌లో గుంటూరు, ప్రకాశం ప్రాంతపు పత్తి, మిరప మైదానంలోను, ఒంగోలుకు సమీపాన సముద్రతీరంలో ఉన్న కొత్తపట్నం వంటి గ్రామాలలోను వానలు కురిసి పంట ఇంటికి చేరే కాలంలో ఈ బెడద పెరగడానికి అనువైన పరిస్థితులు ఏర్పడతాయి. ఎలుకల వలన కలిగే నష్టం ఒకటి, వాటి వలన కలిగే భయం మరొకటి. ఈ రెండింటినీ వేరు చేసి చూడడం అవసరం. భయంతో తొందరపడి ఇంట్లో పెట్టిన విషం ఎలుక కంటే పెద్ద ప్రమాదాన్ని తెచ్చిపెట్టగలదు.

ఇళ్లలో కనిపించే రకాలు

వాడుకలో అన్నింటినీ ఎలుకలనే పిలిచినప్పటికీ, ఇళ్లలోను ఇంటి పరిసరాలలోను కనిపించే జంతువులు ప్రధానంగా నాలుగు రకాలు. ఏది వచ్చిందో గుర్తిస్తే నివారణ సులభమవుతుంది.

చిట్టెలుక: దీని శాస్త్రీయ నామం మస్ మస్క్యులస్. శరీరం 6 నుండి 10 సెంటీమీటర్ల పొడవు, తోక దాదాపు అంతే పొడవు ఉంటాయి. బరువు 10 నుండి 25 గ్రాములు. రెట్టలు బియ్యపు గింజ కంటే చిన్నవి, కొనలు సన్నగా ఉంటాయి.

నల్ల ఎలుక: శాస్త్రీయ నామం రాటస్ రాటస్. పేరు నల్ల ఎలుక అయినా మన ప్రాంతంలో ఎక్కువగా గోధుమ రంగులోనే కనిపిస్తుంది. తోక శరీరం కంటే పొడవుగా ఉంటుంది. గోడలు, తాళ్లు, తీగల మీద నేర్పుగా పాకుతుంది. అందువలన తాటాకు కప్పులలోను, పెంకుల కిందను, అటకల మీదను నివసిస్తుంది.

పందికొక్కు: ఇది పెద్దది, బలిష్ఠమైనది. నేలను తవ్వి కలుగులు చేస్తుంది. ఇంటి పునాదుల పక్కన, పశువుల కొట్టాలలో, మురుగు కాలువల వెంట ఉంటుంది. ఇంగ్లీషులోని బాండికూట్ అనే పదం తెలుగు పందికొక్కు నుండే పుట్టింది. ఆస్ట్రేలియాలోని వేరొక జంతుజాతికి కూడా తరువాత అదే పేరు పెట్టారు.

చుంచు: దీనిని చుంచెలుక అని కూడా అంటారు. శాస్త్రీయ నామం సన్కస్ మ్యూరినస్. చూపుకు ఎలుకలా ఉన్నా ఇది ఎలుక జాతికి చెందినది కాదు. ముక్కు పొడవుగా మొనదేలి ఉంటుంది, శరీరం నుండి ఘాటైన వాసన వస్తుంది. బొద్దింకలు, పురుగులు దీని ప్రధాన ఆహారం. గోడ వెంబడి పరుగెడుతూ చిల్లర నాణేలు కదిపినట్లు కీచుమంటుంది. ఇది ధాన్యపు బస్తాలను కొరికి నష్టపరచదు.

మొదటి మూడు కృంతకాలు అనే వర్గానికి చెందుతాయి. కృంతకాల ముందరి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కొరకడం వలన ఆ పళ్లు అరిగి హద్దులో ఉంటాయి. అందుకే ఆహారం కాని చెక్కను, సబ్బును, ప్లాస్టిక్కును, తీగలను కూడా ఇవి కొరుకుతాయి.

జీవన విధానం

చిట్టెలుక ఆడది 5 నుండి 7 వారాల వయసులోనే గర్భం ధరించగలదు. గర్భధారణ కాలం సుమారు 20 రోజులు. ఒక ఈతలో సాధారణంగా 5 నుండి 8 పిల్లలు పుడతాయి. ఆహారం, ఆశ్రయం దొరికితే ఒకే ఏడాదిలో అనేక ఈతలు ఈనుతుంది. కనుక ఇంట్లో ఒక్కటే కనిపించిందని ఉపేక్షించరాదు.

చిట్టెలుక రోజుకు తినేది సుమారు 3 గ్రాములే. కాని అది ఒకచోట కూర్చుని తినదు. పలుచోట్ల కొద్దికొద్దిగా కొరికి, తిరిగిన దారంతా మూత్రం, రెట్టలు విడుస్తుంది. రోజుకు 50కి పైగా రెట్టలు వేయగలదు. తిన్నదాని కంటే పాడు చేసినది ఎక్కువ కావడానికి కారణం ఇదే. గింజలలోని తేమతోనే చాలా రోజులు గడపగలదు కనుక నీరు దొరకకుండా చేసినంత మాత్రాన పోదు.

దీని చూపు మందం. వినికిడి, వాసన, మీసాల స్పర్శ మాత్రం చాలా చురుకు. ఆరుబయలు నడవడానికి ఇష్టపడక గోడను ఆనుకుని, మీసాలు గోడకు తగిలేలా పరుగెడుతుంది. గూటికి కొద్ది మీటర్ల దూరంలోనే తిరుగుతుంది. సుమారు 6 మిల్లీమీటర్ల సందు, అంటే పెన్సిలు పట్టేంత కన్నం ఉంటే చిట్టెలుక దూరగలదు. కొత్త వస్తువును చూస్తే చిట్టెలుక కుతూహలంతో దగ్గరకు వస్తుంది. నల్ల ఎలుక అందుకు భిన్నంగా కొన్ని రోజులు దూరంగా ఉంటుంది. బోను పెట్టేటప్పుడు ఈ తేడా ముఖ్యం.

పత్తి, మిరప మైదానంలో

గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో ఎలుకలు ఇళ్లకు చేరడానికి పంటల కాలానికి సంబంధం ఉంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫానులు వస్తాయి. పొలాల్లోని కలుగులు నీట మునిగి ఎలుకలు మెరక ప్రదేశాలకు, గట్లకు, ఇళ్ల పరిసరాలకు తరలుతాయి. దాదాపు అదే సమయంలో పత్తి తీతలు మొదలవుతాయి. ధర కోసం ఎదురుచూసే రైతులు తీసిన పత్తిని ఇంటి గదులలోను, వసారాలలోను పోగుపోస్తారు. మెత్తని దూది గూడు కట్టుకోవడానికి, లోపలి గింజ తినడానికి పనికివచ్చేవి కనుక చిట్టెలుకకు ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

మిరప కోతలు ప్రధానంగా జనవరి నుండి ఏప్రిల్ వరకు సాగుతాయి. మిరప ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ అనే పదార్థం పక్షులకు మంట పుట్టించదు, ఎలుక వంటి క్షీరదాలకు పుట్టిస్తుంది. అయినా మిరప బస్తాలున్న గదికి ఎలుకలు రావని అనుకోవడం పొరపాటు. అవి గోనె పీచును గూటికి వాడుకుంటాయి, బస్తాల సందులలో దాగుతాయి. కన్నాలలో మిరపకాయల పొగ వేస్తే ఎలుకలు కొద్దిసేపు చెదిరిపోయినా తిరిగి వస్తాయి. ఇంటి లోపల ఈ పొగ వేయడం ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు హానికరం. తాటాకు కప్పు, పత్తి పోగు ఉన్న ఇంట్లో అగ్నిప్రమాదానికి కూడా దారితీస్తుంది.

కొత్తపట్నం వంటి తీరగ్రామాలలో ఇళ్లలో నిల్వ ఉంచే ఎండుచేపలు, ఇసుక నేలల్లో పండే వేరుశనగ ఎలుకలను ఆకర్షిస్తాయి. ఈ రెండూ బోనులో ఎరగా పెట్టడానికి కూడా పనికివస్తాయి.

ఈ జిల్లాలలోను నెల్లూరు జిల్లాలోను నివసించే షెడ్యూల్డు తెగ అయిన యానాదులు పొలాల్లో ఎలుకలు పట్టడంలో తరతరాల నేర్పు కలవారు. కుండలో గడ్డి నింపి నిప్పు పెట్టి, దాని మూతిని కలుగుకు ఆనించి పొగ ఊది ఎలుకలను బయటకు రప్పించడం వారి పాత పద్ధతి. కలుగుకు ఎన్ని ద్వారాలున్నవో, అందులో ఎలుక ఉన్నదో లేదో మట్టిని చూసి చెప్పగలగడం ఈ పనిలో కీలకం. ఇప్పుడు పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులోని వ్యవసాయ పరిశోధనా కేంద్రం, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ వృక్ష ఆరోగ్య నిర్వహణ సంస్థ ఎలుకల నివారణపై పరిశోధన, శిక్షణ నిర్వహిస్తున్నాయి.

రాత్రి వినిపించే చప్పుళ్లు

ఎలుకలు నిశాచరాలు. చీకటి పడిన తరువాత మొదటి గంటలలోను, తెల్లవారుజామునకు ముందును ఎక్కువగా సంచరిస్తాయి. ఇంట్లో సందడి ఉన్నంతసేపు ఈ చప్పుడు వినిపించదు. దీపాలు ఆర్పి అందరూ పడుకున్న తరువాత 20 గ్రాముల జంతువు కాగితం మీద నడిచినా పెద్ద శబ్దంలా తోస్తుంది. కప్పులోని రేకు, చెక్క, ప్లాస్టిక్ సంచి ఆ శబ్దాన్ని మరింత పెంచుతాయి.

శబ్దాన్ని బట్టి కారణాన్ని చాలావరకు ఊహించవచ్చు. కప్పు మీద ఒక కొస నుండి మరొక కొసకు పరుగు వినిపిస్తే నల్ల ఎలుక కావచ్చు. అలమర వెనుక సన్నని గీకుడు, ఆగి ఆగి కొరికే చప్పుడు చిట్టెలుకకు గుర్తు. నాణేలు కదిపినట్లు వినిపించేది చుంచు. పెరటి గోడ కింద మట్టి తవ్విన చప్పుడు పందికొక్కుది. మరుసటి ఉదయం గోడ వెంబడి రెట్టలు, జిడ్డు మరకలు, కొరికిన గుర్తులు వెదికితే ఊహ సరైనదో కాదో తెలుస్తుంది. అనుమానం ఉన్నచోట రాత్రి నేల మీద పలుచగా పిండి లేదా ముగ్గు చల్లితే తెల్లవారేసరికి పాదాల జాడలు కనిపిస్తాయి.

భయం

ఎలుక హఠాత్తుగా కదిలినప్పుడు ఉలిక్కిపడడం సహజం. ఇది వ్యాధి కాదు. ఎలుక లేనప్పుడు కూడా దాని తలపుతో నిద్ర పట్టకపోవడం, వంటగదిలోకి వెళ్లలేకపోవడం, గుండె దడ, చెమటలు కలగడం వంటివి నెలల తరబడి ఉంటే దానిని మూషిక భయం అనే ప్రత్యేక భయంగా పరిగణిస్తారు.

ఈ భయం చాలావరకు నేర్చుకున్నదే కావచ్చని చూపిన ప్రయోగం మనస్తత్వ శాస్త్రంలో ప్రసిద్ధమైనది. 1920లో అమెరికాలో జాన్ వాట్సన్, రోసలీ రేనర్ అనే శాస్త్రవేత్తలు ఒక శిశువుకు తెల్ల ఎలుకను చూపించారు. మొదట శిశువు భయపడలేదు. తరువాత ఎలుకను చూపినప్పుడల్లా వెనుక నుండి ఉక్కు కడ్డీని సుత్తితో కొట్టి పెద్ద చప్పుడు చేశారు. కొన్ని పర్యాయాల తరువాత చప్పుడు లేకపోయినా ఎలుకను చూడగానే శిశువు ఏడవసాగాడు. పసిబిడ్డను ఇలా భయపెట్టడం నేటి ప్రమాణాల ప్రకారం అనైతికం. అయితే ఇంట్లో పెద్దలు ఎలుకను చూసి కేకలు వేసినప్పుడు పక్కనున్న పిల్లలకు జరిగేది కూడా దాదాపు ఇదే.

నేర్చుకున్న భయాన్ని పోగొట్టవచ్చునని 1924లో మేరీ కవర్ జోన్స్ చూపించింది. కుందేలుకు భయపడే పీటర్ అనే బాలునికి ఇష్టమైన తినుబండారం ఇస్తూ, కుందేలును దూరం నుండి రోజురోజుకు కొంచెం దగ్గరకు తెచ్చింది. చివరకు బాలుడు దానిని తాకగలిగాడు. నేటి మానసిక చికిత్సలో భయపడే వస్తువుకు క్రమంగా అలవాటు పరచే పద్ధతి ఇదే మార్గంలో సాగుతుంది. మొదట ఎలుక బొమ్మను, తరువాత ఛాయాచిత్రాన్ని, ఆపై బోనులోని ఎలుకను దూరం నుండి చూడడం వంటి మెట్లు ఉంటాయి. భయం నిత్యజీవితానికి అడ్డు వస్తుంటే మానసిక వైద్యుని సంప్రదించాలి.

సాధారణ భయానికి ఇంట్లోనే కొన్ని ఉపాయాలు పాటించవచ్చు. నేల మీద కాక మంచం మీద పడుకుని, దోమతెర అంచులను పరుపు కిందికి దోపితే ఎలుక మీదికి వస్తుందనే ఆందోళన తగ్గుతుంది. టార్చిలైటును చేతికి అందేలా ఉంచుకోవాలి. పడకగదిలో తినుబండారాలు ఉంచరాదు. పిల్లలను ఎలుక పేరు చెప్పి బెదిరించరాదు. అన్నింటికంటే ముఖ్యమైనది పగటిపూట కన్నాన్ని వెదికి మూయడం. చప్పుడు ఎక్కడి నుండి వస్తున్నదో తెలిసి, ఆ దారి మూశామన్న నమ్మకం కలిగితే చాలామందికి నిద్ర తిరిగి వస్తుంది.

అసలు ప్రమాదాలు

ఆరోగ్యవంతులైన పెద్దల దగ్గరకు ఎలుకలు సాధారణంగా రావు. మనిషి కదలగానే పారిపోతాయి. కదలలేని పసికందులు, మంచం పట్టిన రోగులు, మధుమేహం లేదా కుష్ఠు వలన పాదాలలో స్పర్శ కోల్పోయినవారు మాత్రం నిజంగా ప్రమాదంలో ఉంటారు. పాదాన్ని ఎలుక కొరికినా వీరికి తెలియకపోవచ్చు. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న నవజాత శిశువు ఎలుకలు కరిచిన తరువాత మరణించడం రాష్ట్రమంతటా సంచలనం కలిగించింది. పసివారు, రోగులు ఉన్నచోట ఎలుకల నివారణ ప్రాణరక్షణలో భాగమని ఈ సంఘటన తెలియజేసింది.

ఎలుకల మూత్రం కలిసిన నీరు, బురద ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరం వస్తుంది. వరద నీటిలో, వరి మడులలో పుండ్లున్న కాళ్లతో తిరిగేవారికి ఇది సోకే అవకాశం ఎక్కువ. తీవ్ర జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడడం, కొందరిలో కామెర్లు దీని లక్షణాలు. రెట్టలు పడిన ఆహారం వలన విరేచనాలు కలిగించే సాల్మొనెల్లా సోకవచ్చు. ప్లేగు వ్యాధి ఎలుకల మీది పరాన్నజీవుల ద్వారా వ్యాపిస్తుందని 1898లో పాల్ లూయీ సిమండ్ కరాచీలో నిరూపించాడు. భారతదేశంలో 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు లక్షలాది ప్రాణాలు తీసింది. 1994లో సూరతులో మరల కలకలం రేపింది.

తీగలు కొరకడం వలన షార్టు సర్క్యూటు, మంటలు సంభవించవచ్చు. ఎలుకల కోసం నాగుపాము, జెర్రిపోతు వంటి పాములు ఇంటి పరిసరాలకు వస్తాయి. కాబట్టి రాత్రి చప్పుడు వినిపించినప్పుడు చీకటిలో బస్తాల మధ్య, కట్టెల మధ్య చేయి పెట్టరాదు. ముందుగా దీపం వేయాలి.

నివారణ

కన్నాలు మూయడం: ఇది శాశ్వతమైన ఉపాయం. తలుపు కింది సందు, నీటి గొట్టాలు గోడలోకి వెళ్లే చోటు, కిటికీ అంచులు, తూములు పరిశీలించాలి. చిన్న కన్నాలలో పాత్రలు తోమే స్టీలు పీచును బిగించి పైన సిమెంటు పూయాలి. పెద్ద కన్నాలలో గాజు పెంకులు కలిపిన సిమెంటు వేయవచ్చు. తూములకు, గాలి రంధ్రాలకు 6 మిల్లీమీటర్ల కంటే సన్నని కన్నులున్న ఇనుప వల బిగించాలి. తలుపు అడుగు అంచుకు రేకు కొట్టించాలి. గుడ్డలు, కాగితాలు కుక్కితే ప్రయోజనం లేదు.

ఆహారం అందకుండా చేయడం: బియ్యం, పప్పులు, ఎండుచేపలు మూత గట్టిగా ఉన్న రేకు లేదా స్టీలు డబ్బాలలో ఉంచాలి. బస్తాలను నేల మీద కాక చెక్క బల్లల మీద, గోడకు అర మీటరు ఎడంగా పేర్చాలి. ఎంగిలి పాత్రలు రాత్రి కడిగి పెట్టాలి. పత్తిని పడకగదిలో పోయకుండా వీలైనంత త్వరగా అమ్మడం లేదా వేరే కొట్టంలో ఉంచడం మంచిది.

బోనులు: ఇంటి లోపల విషం కంటే బోను సురక్షితం. బోనును గదిమధ్యన కాక గోడను ఆనించి, రెట్టలు కనిపించిన దారిలో పెట్టాలి. ఒకటి పది రోజులు పెట్టడం కంటే నాలుగైదు ఒకేసారి పెట్టడం ఫలితమిస్తుంది. వేరుశనగ ముద్ద, ఎండుచేప ముక్క, పకోడి, కాల్చిన ఎండుకొబ్బరి మంచి ఎరలు. నల్ల ఎలుకకైతే రెండు మూడు రోజులు బోనును బిగించకుండా ఎర మాత్రం తిననిచ్చి, తరువాత బిగించాలి. జిగురు అట్టల మీద ఎలుక గంటల తరబడి బాధపడి చనిపోతుంది కనుక వాటిని వాడరాదని భారత జంతు సంక్షేమ మండలి సూచించింది. అతిధ్వనుల యంత్రాలకు ఎలుకలు త్వరలోనే అలవాటు పడతాయి.

విషాలు: బజారులో దొరికే ఎలుకల మందులన్నీ ఒకటి కావు. బ్రోమడియోలోన్ బిళ్లలు రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజులకు ఎలుకను చంపుతాయి. దీనికి విటమిన్ కె1 విరుగుడు. పసుపు భాస్వరం ఉన్న ముద్ద మందు అత్యంత ప్రమాదకరం. దీనికి నిర్దిష్టమైన విరుగుడు లేదు. తిన్న మొదటి రోజు మనిషి బాగున్నట్లే కనిపించి, తరువాత కాలేయం దెబ్బతిని మరణించవచ్చు. జింక్ ఫాస్ఫైడ్ కడుపులో విషవాయువును విడుదల చేస్తుంది. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను నివాసగృహాలలో ఎట్టి పరిస్థితులలోను ఉంచరాదు. పిల్లలు, పశువులు తిరిగే ఇంట్లో రొట్టె ముక్కకు, టమాటాకు మందు పూసి వదలడం వలన ఘోరాలు జరుగుతాయి. పొరపాటున ఎవరైనా తింటే, లక్షణాలు లేకపోయినా, వాంతి చేయించకుండా మందు పొట్లంతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అత్యవసరానికి 108కి ఫోన్ చేయవచ్చు.

శుభ్రపరచడం: ఎండు రెట్టలను చీపురుతో ఊడిస్తే ధూళి ఊపిరితిత్తులలోకి పోతుంది. ముందుగా బ్లీచింగు పొడి కలిపిన నీరు చల్లి, కొన్ని నిమిషాలు ఆగి, చేతులకు తొడుగులతో తడిగుడ్డతో తుడవాలి. చచ్చిన ఎలుకను ఉత్త చేతులతో ముట్టుకోరాదు, లోతుగా పూడ్చాలి.

ఎలుక కరిచినప్పుడు

గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసరులు, సున్నం, కారం పూయరాదు. ధనుర్వాతం టీకా అవసరమా అన్నది వైద్యుడు నిర్ణయిస్తాడు. ఎలుకల ద్వారా రేబిస్ సోకడం చాలా అరుదు. అయినా కరిచినది ఏ జంతువో చీకటిలో నిశ్చయంగా తెలియనప్పుడు, అది పాము కాటు కూడా కావచ్చు కనుక, తెల్లవారే వరకు వేచి ఉండక వైద్యుని చూడాలి.

సహజ శత్రువులు

పిల్లి, గుడ్లగూబ, ముంగిస, జెర్రిపోతు ఎలుకలను తింటాయి. గుడ్లగూబను అపశకునంగా భావించి తరమడం వలన రైతు తన మేలును తానే పోగొట్టుకుంటున్నాడు. విషం తిన్న ఎలుకను తిన్న పిల్లులు, గుడ్లగూబలు కూడా చనిపోవచ్చు. ఎలుకలను పిల్లి తగ్గించగలదు గాని, కన్నాలు తెరిచి ఉన్నంతకాలం పూర్తిగా పోగొట్టలేదు.

సంస్కృతిలో

ఎలుకకు సంస్కృతంలో మూషికం అని పేరు. ఇది, లాటిన్ మస్, ఇంగ్లీషు మౌస్ ఒకే మూలానికి చెందిన పదాలు. హిందువులు ఎలుకను వినాయకుని వాహనంగా భావిస్తారు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు, పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం వంటి సామెతలు తెలుగులో ప్రసిద్ధం.

1853లో వెలువడిన పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రలాభంలో హిరణ్యకుడు అనే ఎలుక తన పూర్వకథ చెబుతుంది. అది ఒక సన్యాసి భిక్షాన్నాన్ని రాత్రివేళ తినిపోతుండేది. సన్యాసి కర్రతో చప్పుడు చేసి బెదిరించినా మానలేదు. ఎలుకకు ఆ బలం దాచుకున్న నిల్వ వలన వచ్చిందని అతని మిత్రుడు గ్రహించాడు. కలుగు తవ్వి నిల్వను తీసివేయగానే ఎలుక బలం నశించి ఆ చోటు విడిచిపోయింది. ఎలుకను బెదిరించడం కంటే దాని ఆహారాన్ని, ఆశ్రయాన్ని తొలగించడమే ఉపాయమని నేటి నివారణ శాస్త్రం చెప్పేది కూడా ఇదే. భయంతో చేసే తొందరపాటును హెచ్చరించే సామెత కూడా తెలుగులో ఉన్నది: ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లు.